బ్యాడ్జీల ఫైలు రెండోసారి కూడా తిరిగి వచ్చింది, అర్ధరాత్రిలోగా పంపాలి

నమోదు విభాగం: వేదిక వారి ముద్రణ వ్యవస్థ మన ఫైలును మళ్ళీ తిరస్కరించింది. ప్రతి వరుస సరిగ్గా 80 బైట్లు (కంప్యూటర్ అక్షరాలను దాచే చిన్న కొలత) ఉండాలి. మొదటి 6 సభ్యత్వ సంఖ్యకు, తరువాతి 30 పేరుకు. ఎక్సెల్‌లో సంఖ్యల ముందున్న సున్నాలు రాలిపోవడంతో 000417 కాస్తా 417 అయి, దాని వెనుక ఉన్నవన్నీ మూడు స్థానాలు ముందుకు జరిగాయి.

మాక్రో (ఎక్సెల్‌లో పనిని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాం) రాస్తున్న సభ్యుడు: సున్నాల సంగతి తేలికే. ఫార్మాట్ ఫంక్షన్‌కు "000000" ఇస్తే సంఖ్య ఆరు అంకెలకు నిండుతుంది. పేరు చివర 30 ఖాళీలు చేర్చి, లెఫ్ట్ ఫంక్షన్‌తో మొదటి 30 స్థానాలు తీసుకుంటే పేరు ఎంత పొడవున్నా ఒకే కొలతకు వస్తుంది. చిక్కంతా తెలుగు పేర్లతోనే. మామూలు ప్రింట్ ఆదేశంతో రాస్తే అవి ప్రశ్నార్థకాలుగా పడ్డాయి. అన్ని భాషల అక్షరాలనూ దాచగల యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే, ఫైలు మొదట్లో కంటికి కనిపించని 3 బైట్లు చేరి తొలి వరుస 83 అయింది, వాటిని తొలగించాను. అయినా ఆ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. శ్రీలక్ష్మి అన్న పేరు చూడడానికి మూడక్షరాలే, లోపల 11 సంకేతాలు, అంటే 33 బైట్లు. పేరుకిచ్చిన 30లో పట్టక చివరి గుడి తెగిపోతుంది.

సాంస్కృతిక విభాగం: బ్యాడ్జీల మీద పేర్లు తెలుగులో ఉంటాయని ఆహ్వానంలోనే రాశాము. ఆ గుడి తెగితే ఆమె శ్రీలక్ష్మ అవుతుంది. ఇది ముందే చూసుకోవలసిన విషయం కాదా?

మాక్రో రాస్తున్న సభ్యుడు: జాబితా నా చేతికి వచ్చిందే నిన్న సాయంత్రం. ముందు ఎప్పుడు చూడమంటారు?

కార్యదర్శి: ఇద్దరూ దయచేసి ఆగండి. వేదిక వారికి ఇంగ్లిషు అక్షరాల పేర్లతో ఫైలు పంపి, బ్యాడ్జీ కింది సగం ఖాళీగా వదలమందాం. అదే ఎక్సెల్ పట్టిక నుంచి వర్డ్ మెయిల్ మెర్జ్‌తో (పట్టికలోని పేర్లను ఒక్కొక్కటిగా నింపే సదుపాయం) తెలుగు పేర్లను స్టిక్కర్ల మీద మనమే అచ్చు వేసుకోవచ్చు.

సాంస్కృతిక విభాగం: తొందరపడి మాట జారాను, మన్నించండి. స్టిక్కర్లు అంటించడానికి మేము ముగ్గురం వస్తాము. ఉదయం రిహార్సల్ సంగతి తరువాత చూద్దాం.

మాక్రో రాస్తున్న సభ్యుడు: పరవాలేదండీ. వరుస పొడవు 80 కాకపోతే మాక్రో అక్కడే ఆగి ఆ వరుస సంఖ్య చూపేలా తనిఖీ ఒకటి చేర్చి, ఫైలు పంపాను.

నమోదు విభాగం: ఈసారి స్వీకరించారు. కుర్చీల లెక్క చూడవలసినవారు కూడా రేపు నేరుగా స్టిక్కర్ల దగ్గరికే రండి, కత్తెరలు మరవకండి.