ఓరుగల్లు ఎండల్లో చెక్క సైకిల్ ట్రాక్ నిలుస్తుందా?

నేను హన్మకొండలో ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. థీసిస్‌కి కాజీపేట వైపు ఇండోర్ వెలోడ్రోమ్, అంటే పైకప్పు ఉన్న సైకిల్ పందేల స్టేడియం, తీసుకున్నా. కరెంటు వాడకం వీలైనంత తగ్గాలన్నది నా పట్టుదల.

అందరూ లండన్ 2012 ఒలింపిక్స్ వెలోడ్రోమ్ చూడమంటారు. చూశాను. ఉక్కు తీగల వలలాంటి తేలికైన పైకప్పు, సహజంగా ఆడే గాలి, పట్టి వాడుకునే వాననీరు. అన్నీ బాగున్నాయి. ట్రాక్ దగ్గర కాస్త వెచ్చగా ఉంచడం కూడా కావాలనే చేశారు, ఎందుకంటే వేడి గాలి పలచబడి సైకిల్‌కి అడ్డు తగ్గుతుంది. కానీ మే నెలలో మన దగ్గర 43 డిగ్రీలు దాటితే బయటి గాలి లోపలికి వదిలి ఏం లాభం? రాత్రి చల్లగాలి పంపి మందపాటి గ్రానైట్ గోడల్ని చల్లబరిస్తే పగలు సరిపోతుందా? నాకైతే అనుమానమే.

అసలు టెన్షన్ చెక్కతో. 250 మీటర్ల ట్రాక్, వంపుల్లో 42 డిగ్రీల దాకా వాలు, అక్కడ పలక కాస్త లేచినా ప్రమాదమే. మా ఇంటి టేకు తలుపే వానాకాలం ఉబ్బి గడప దగ్గర పట్టేస్తుంది! లండన్‌లో వాడిన సైబీరియా పైన్ చెక్క తెప్పించుకుంటే పర్యావరణం మాటకి అర్థం ఉండదు. వెదురు పలకలు అతికించి చేయొచ్చా? లేక కాంక్రీటే మేలా?

ఇలాంటి ట్రాక్ మీద సైకిల్ తొక్కినవాళ్లు, చెక్క పనిలో తేమ సంగతి తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఏసీ పెట్టెయ్ అనే సలహా మాత్రం వద్దు, మా గైడ్ సార్ ఇప్పటికే ఇచ్చారు.