హెడ్ దించకుండా అంబాసిడర్ ఇంజిన్‌లో వాల్వ్ స్ప్రింగు మార్చవచ్చునా?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి):
నమస్కారం. మా ఇంట్లో 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉన్న పాత అంబాసిడర్ ఉంది; నెలకు ఒకటి రెండుసార్లు మాత్రమే బయటికి తీస్తాము. సింహాచలం కొండ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కగానే వెనుక నీలిపొగ వస్తోంది. ఇటీవల మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం) కూడా మొదలైతే వాల్వ్ కవర్ తీసి చూశాము. మూడవ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ స్ప్రింగు కింది చుట్టు దగ్గర విరిగి ఉంది, విరిగిన చోట తుప్పు మరక కనిపించింది. మిగిలిన మూడు సిలిండర్లలో కంప్రెషన్ బాగానే ఉంది. మెకానిక్ గారు హెడ్ (సిలిండర్ల పైన బిగించే, వాల్వ్‌లు ఉండే భాగం) దించక తప్పదంటున్నారు. ప్లగ్ రంధ్రం గుండా గాలి పట్టించి, హెడ్ దించకుండానే మార్చే పద్ధతి మన బండికి పనికివస్తుందా?

జవాబు 1 (గాజువాక ఆటోనగర్ నుంచి):
పనికివస్తుందండీ, కానీ గాలి కంటే తాడే మేలు. వాల్వ్ లాకులు (స్ప్రింగును వాల్వ్ కాడకు పట్టి ఉంచే చిన్న ముక్కలు) తీసిన మరుక్షణం వాల్వ్‌ను పైన పట్టి ఉంచేది ఏదీ ఉండదు కాబట్టి, కింది నుంచి దానికి ఆధారం ఇవ్వడమే ఇందులోని కిటుకు. ఈ ఇంజిన్ బోరు 73 మిల్లీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 6 కిలోల గాలి పట్టిస్తే పిస్టన్ మీద సుమారు 250 కిలోల బలం పడుతుంది. పిస్టన్ సరిగ్గా పైకొనలో లేకపోతే ఆ బలానికి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గిర్రున తిరుగుతుంది, దానికి తగిలించిన పానా చేతిని విరగ్గొట్టగలదు. తాడుతో ఆ భయం లేదు. పిస్టన్‌ను కాస్త కిందికి దించి, మెత్తని నైలాన్ తాడును ప్లగ్ రంధ్రంలోంచి లోపల నింపి, చివర బయటే ఉంచి, క్రాంక్‌ను చేత్తో ఆగేదాకా తిప్పితే, తాడు వాల్వ్‌లను సీటుకు అదిమి పట్టుకుంటుంది. రాకర్ షాఫ్ట్ (వాల్వ్‌లను నొక్కే మీటలు ఉండే కడ్డీ) తీసేశాక వాల్వ్‌లన్నీ మూసుకునే ఉంటాయి కాబట్టి ఏ స్ట్రోక్ అని చూడనక్కరలేదు.

స్ప్రింగు నొక్కడానికి సి-క్లాంప్ పనికిరాదు, లీవర్ తరహాది కావాలి. పుష్ రాడ్ (కింది నుంచి ఆ మీటలను నెట్టే కడ్డీలు) రంధ్రాలను పాత గుడ్డతో మూయకుండా లాకుల జోలికి పోవద్దు. ఒక్క లాకు జారితే నేరుగా సంపులోకే (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) పోతుంది. బిగించేటప్పుడు లాకులకు చుక్క గ్రీజు పెడితే కాడకు అంటుకుని నిలుస్తాయి.

జవాబు 2 (మధురవాడ నుంచి):
పై జవాబులో ఒక ముఖ్య విషయం తప్పిపోయింది. ఈ ఇంజిన్‌లో రాకర్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే పెద్ద నట్లు హెడ్ నట్లు కూడా. వాటిని మాత్రమే విప్పితే హెడ్ ఒకవైపు బిగువుగా, మరోవైపు వదులుగా ఉండి వంగే ప్రమాదం ఉంది. కనుక ముందు రేడియేటర్ నీళ్ళు వదిలేసి, హెడ్ నట్లన్నిటినీ వరుసక్రమంలో కొద్దికొద్దిగా వదులు చేయాలి. తిరిగి బిగించేటప్పుడు మాన్యువల్‌లోని క్రమంలో టార్క్ రెంచి (ఎంత బిగువు పడిందో చూపే పానా) వాడాలి. అంటే హెడ్ కదపకుండా అనే మాట ఈ బండికి సగమే నిజం.

ప్రశ్నించినవారు:
నట్లన్నీ వదులు చేయవలసినప్పుడు హెడ్ దించేస్తేనే నయం కదా?

జవాబు 2:
కాదని నా అభిప్రాయం. దించితే మానిఫోల్డులు, సైలెన్సర్ పైపు, హోస్‌లు అన్నీ విప్పాలి. అయితే నట్లు వదులు చేశాక హెడ్ కింది పాత గాస్కెట్ (లీకు కాకుండా వేసే పొర) మళ్ళీ పట్టకపోవచ్చు, కాబట్టి కొత్తది ఒకటి కొని దగ్గర పెట్టుకోండి. నీలిపొగకూ విరిగిన స్ప్రింగుకూ సంబంధం లేదు. అది ఇన్‌టేక్ వైపు ఆయిల్ సీళ్ళు అరిగిన లక్షణం, వాటిని కూడా ఈసారే మార్చండి. స్ప్రింగు తీశాక తాడును కాస్త వదులు చేసి, వాల్వ్ కాడను పట్టుకుని అటూఇటూ ఊపి చూడండి. బాగా ఊగితే గైడు (కాడ కదిలే గొట్టం) అరిగినట్లు, అప్పుడు మాత్రం మీ మెకానిక్ గారి మాటే సరైనది.

జవాబు 1:
ఆ నట్ల సంగతి సరైనదే. తుప్పు గుంటల నుంచే స్ప్రింగులకు పగులు మొదలవుతుంది కాబట్టి, ఒక్కటే కాక ఎనిమిదీ మార్చండి. తరువాత టాపెట్లు (మీటకూ వాల్వ్‌కూ మధ్య సందు) చూసుకోవాలి: ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది, ఇలా రెండు వాల్వ్‌ల సంఖ్యలు ఎప్పుడూ కూడితే తొమ్మిది రావాలి.