మాలిష్ చేసేవాళ్ళకి లైసెన్సు ఉంటుందా? రాయగడ, బరంపురం (ఒడిశా), బల్లార్షా (మహారాష్ట్ర) వైపు వాళ్ళు చెప్పండి

రాయగడ_కోడలు:
మా మామగారికి తుంటి ఆపరేషన్ అయి నెల్లాళ్ళు మంచం మీదే ఉన్నారు. ఎడమ పిక్క వాచి, ముట్టుకుంటే వేడిగా ఉండేది. తెలిసినవాళ్ళు చెప్పారని ఒక మాలిష్ ఆయన్ని పిలిచాం. కార్డు మీద ‘సర్టిఫైడ్ థెరపిస్ట్’ అని ఉంది. రెండు రోజులు నూనె రాసి గట్టిగా పిసికారు. మూడో రోజుకి ఆయాసం వచ్చింది. విశాఖ తీసుకెళ్తే కాలి నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. దేవుడి దయవల్ల బయటపడ్డారు. తర్వాత ఆ సర్టిఫికెట్ చూపించమని అడిగితే, అది మూడు రోజుల శిక్షణకి ఇచ్చిన కాగితం. ఇలాంటివాళ్ళని అడిగే ఆఫీసు ఏదైనా ఉందా?

బరంపురం_ఫిజియో:
అక్కా, ముందు ఒక మాట. ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఎవరినీ మర్దన చేయనివ్వకండి. గడ్డ కదిలి ఊపిరితిత్తులకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ అయి మంచాన ఉన్నవాళ్ళకి ఈ భయం ఇంకా ఎక్కువ.

ఇక లైసెన్సు సంగతి. మా ఫిజియోథెరపీకి 2021లో కేంద్ర చట్టం వచ్చింది. మహారాష్ట్రలో అంతకుముందే 2002 చట్టంతో విడిగా కౌన్సిల్ పెట్టారు. ఆయుర్వేద డాక్టర్లకీ రిజిస్ట్రేషన్ ఉంది. మాలిష్ పనికి మాత్రం అలాంటి కౌన్సిల్ లేదు. స్పా థెరపిస్ట్, పంచకర్మ టెక్నీషియన్ అని స్కిల్ ఇండియా (కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ) కోర్సులున్నాయి. అవి పాసైతే పని నేర్చుకున్నారని అర్థం, అంతే. కోర్సు చేయనివాళ్ళు ఈ పని చేయకూడదనే కేంద్ర చట్టమేదీ లేదు. తప్పు చేస్తే సర్టిఫికెట్ లాక్కునేవాళ్ళూ లేరు.

పర్లాకిమిడి_లత:
నేను తొమ్మిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. కోర్సు చేశాను, భువనేశ్వర్‌లో రెండేళ్ళు పనిచేసి వచ్చాను. ఇక్కడ ఆడవాళ్ళకి మాత్రమే చేస్తాను. గది అద్దెకి అడిగితే ‘మసాజా?’ అని తలుపు వేసేస్తారు. నా దగ్గర ఉన్నది మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు. అది కొట్టుకి ఇచ్చేది. నా చేతికి పని వచ్చో రాదో అందులో ఉండదు. ఒకసారి పక్క ఊళ్ళో ఏదో కేసు అయిందని పోలీసులు నా దగ్గరికీ వచ్చి రిజిస్టర్ అంతా తిరగేశారు. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం పేరు వినగానే మా ఆయన మొహం మాడిపోయింది. ఆ రాత్రంతా టెన్షనే. నా పేరు, ఫొటో, నంబరు ఉన్న లైసెన్సు ఒకటి ఉంటే ముందు నేనే గోడకి తగిలించుకునేదాన్ని.

డల్లాస్_చెల్లి (సొంతూరు గుణుపురం):
ఇక్కడ టెక్సాస్‌లో 500 గంటల చదువు, పరీక్ష, వేలిముద్రల తనిఖీ అయ్యాకే లైసెన్సు. పేరు కొడితే ఉందో లేదో వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. న్యూయార్క్‌లో 1000 గంటలు. కాలిఫోర్నియాలో రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్ తీసుకోవడం మన ఇష్టం. అంటే ఒకే దేశంలోనూ ఒక్కోచోట ఒక్కో రూలు.

బల్లార్షా_శీను:
500 గంటలంటే భయమేస్తోంది చెల్లెమ్మా. మా నాన్న సెలూన్‌లో నలభై ఏళ్ళు తల మాలిష్ చేశారు. అన్నేసి గంటలు షాపు మూసి క్లాసులో కూర్చుంటే ఇల్లెలా గడుస్తుంది? కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో క్షురకులకి శిక్షణప్పుడు రోజుకి 500 రూపాయలు ఇస్తున్నారు. మాలిష్ నేర్పించినా అలా కూలి కట్టివ్వాలి. నేర్పించాల్సిందైతే నిజంగానే ఉంది. మెడ పట్టి టక్కున తిప్పడం నేనూ చేసేవాణ్ణి. మెడలో మెదడుకి వెళ్ళే రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చని ఒక డాక్టరు చెప్పాక మానేశాను. ఇప్పటికీ ‘విరుపు’ అడిగేవాళ్ళున్నారు. చేయనంటే పక్క కొట్టుకి పోతారు. అయినా చేయను.

బరంపురం_ఫిజియో:
శీనన్నా, చేయి తిరిగినవాళ్ళని మళ్ళీ మొదటినుంచి కూర్చోబెట్టక్కర్లేదు. వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి స్కిల్ ఇండియాలో ఉంది. ఎక్కడ చేయి వేయకూడదో మాత్రం అందరికీ నేర్పాలి. కేరళ 2007లో ఆయుర్వేద ఆరోగ్య కేంద్రాలకి లైసెన్సు చట్టం తెచ్చింది. ఒడిశా ఎందుకు తేకూడదు?

రాయగడ_కోడలు:
అందరికీ దండాలు. లత గారూ, మీ మాట చదివాక మనసు బరువెక్కింది. మాకు జరిగిన దానికి మాలిష్ వాళ్ళందరినీ తిట్టుకున్నాను. మా పాపకి పురుడప్పుడు నలుగు పెట్టి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసిన అవ్వకి ఏ కాగితమూ లేదు. కానీ పాపకి ఒళ్ళు వెచ్చగా ఉన్న రోజు నూనె గిన్నె పక్కన పెట్టేసి ‘ఇవాళ వద్దమ్మా, డాక్టరుకి చూపించు’ అంది. మా ఇంటికి వచ్చినాయన ఆ వాపు చూసి ఆ ఒక్క మాట అనలేదు. ఫిజియో తమ్ముడూ, కలెక్టరు గారు జనం ఫిర్యాదులు వినే జాయింట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెడదామనుకుంటున్నాను. ఒడియాలో రాసిపెడతావా? లత గారూ, మీరూ సంతకం పెడతారా?

పర్లాకిమిడి_లత:
పెడతాను. పూర్తి పేరుతోనే పెడతాను.