పాత మిద్దెకు చెద: బండలకు చిల్లులు పొడిపించాలా, వద్దా?

పెన్నాగట్టు:
జమ్మలమడుగు దగ్గర మా తాత కట్టించిన మిద్దె. మట్టి అడుసుతో కట్టిన రాతిగోడలు, పైన దూలాలు, దంతెలు, చౌడుమన్ను, కింద నాపబండలు. మొన్నటి వానకు ఉసుళ్లు ఇంట్లోనుంచే లేచినాయంట. దేవుని గూటి పక్కన గోడమీద మట్టిదారి పాకింది. వంటింటి ద్వారబంధం తడితే బోలుగా మోగుతాంది. మందు కొట్టేవాళ్లు గోడల వెంబడి అడుగుకొక చిల్లు పొడిచి క్లోర్‌పైరిఫాస్ అనే చెదమందు పోస్తామన్నారు. పెరట్లో బావి ఉండాది, అమ్మ ఆ నీళ్లే వాడుతుంది. మందు తక్కువతో అయ్యే దారి చెప్పండి. నేను బెంగళూరులో ఉంటా.

వేపదూలం:
చిల్లులు వద్దన్నా. మన పెద్దోళ్లు ఏ మందు పోసినారని మిద్దెలు నిలబడినాయి? మాది మైదుకూరు పక్క పల్లె. దూలాలన్నీ వేపవి. వేపకు చెద పట్టదు. చెడిన కట్టె తీసి వేప వేయించు, వేపనూనె పూయించు.

కట్టెపని_చిన్నన్న:
ప్రొద్దుటూరులో కట్టెపని చేస్తా. వేప చేవ, అంటే మాను నడిమి గట్టికట్టె, కొంత తట్టుకుంటుంది, నిజమే. చేవ చుట్టూ ఉండే తెల్లకట్టెను చెద తింటుంది. టేకైనా అంతే. ఇప్పుడు అమ్మే లేత మానుల్లో చేవ ఎంత ఉంటుంది? వేపనూనె వాసనకు కొన్నాళ్లు పక్కకు పోతాయి, ఎండకూ గాలికీ దాని పని తగ్గిపోతుంది.

వేపదూలం:
మా దూలాలకు పట్టలేదు. నేను కళ్లారా చూసినది చెప్తాండా.

ఎర్రగుంట్ల_బండ:
పట్టలేదంటే మీ మిద్దె ఆరి ఉందని. చెదకు తడి కావల్ల.

పురుగుమందు_సీమ:
నేను ఈ పనే చేస్తాను కాబట్టి నా మాట అమ్మకపు మాట అనుకోవచ్చు, అయినా వినండి. గోడమీద కనపడేది దారి మాత్రమే, పుట్ట మట్టి లోపల ఉంటుంది. దారి చెరిపి పైపైన కిరసనాయిలు కొడితే ఆ పూట వచ్చినవి చస్తాయి, రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. అందుకే గోడా నేలా కలిసేచోట చిల్లు పొడిచి మందును మట్టిలోకి పంపుతాం. క్లోర్‌పైరిఫాస్ 20 శాతానిదైతే లీటరు నీళ్లకు 50 మిల్లీలీటర్లు కలిపేవాళ్లం. ఇమిడాక్లోప్రిడ్ అనే ఇంకో మందు 30.5 శాతానిదైతే 2.1 మిల్లీలీటర్లు చాలు. వాసన ఉండదు, చెదలు పసిగట్టవు, ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. మందు తగ్గించడమంటే ఇదీ ఒక దారే.

వేపదూలం:
తక్కువ పోసినా విషం విషమే. ఒకప్పుడు ఆల్డ్రిన్ అనే చెదమందు మంచిదన్నారు, 1996లో మన దేశంలోనే ఆపేసినారు. క్లోర్‌పైరిఫాస్‌ను ఇళ్లల్లో వాడొద్దని అమెరికాలో 2000లోనే నిర్ణయించుకున్నారు. యూరప్‌లో 2020లో అనుమతి పోయింది. ఆ ఇమిడాక్లోప్రిడ్ నీళ్లలో కరిగి కిందికి దిగుతుంది, తేనెటీగలను చంపుతుంది. మా చిన్నాయన ఇంట్లో బావి గోడ పక్కనే చిల్లులు పొడిచినారు. నెల తిరగకముందే నీళ్లు మందు వాసన. ఆ మందు పోసినోళ్లు ఫోనెత్తలేదు. ఆ ఇంటి పిల్లోళ్లు ఇప్పటికీ పక్కింటి నుంచి బిందెలు మోస్తాండారు. నువ్వు వచ్చి మోస్తావా?

పురుగుమందు_సీమ:
బావి పక్కన పోసినోడు తప్పు చేసినాడు. బావిలోకి మందు చేరకూడదనేది ఈ పనిలో మొదటి నియమం. ఒకడు చేసిన తప్పుకు పనినే తప్పంటే ఎట్లా? పైగా ఈ అన్నది నల్లరేగడి నేల. ఎండకు నెర్రెలు విడుస్తుంది, ఆ నెర్రెల్లోంచే చెదలు పునాదికి వస్తాయి. వేపనూనె ఆ నెర్రెలను పూడుస్తుందా?

వేపదూలం:
నెర్రెల్లో నీ మందు మాత్రం నిలుస్తుందా? పోసింది పోసినట్టు కిందికి పోతుంది, బావిలోకి.

సీమపిల్లోడు:
ఇద్దరూ చెప్పిందాంట్లో నిజం ఉండాది.

కట్టెపని_చిన్నన్న:
మందు పోసే ముందు చేయాల్సిన పని ఎవరూ చెప్పట్లా. అన్నా, మిద్దెమీద దోనె నీళ్లు గోడ మొదట్లో పడతాండాయా? జలదారి గోడనానుకుని పోతాందా? కట్టెలు, పిడకలు గోడకు ఆనించి పెట్టినారా? అవి తీసి, గోడ అడుగు నాలుగు పక్కలా కనపడేట్టు చేయాల. బండల సందులు పూడ్చాల. వానలు రాకముందు చౌడుమన్ను కొత్తది వేయించాల. మట్టిదారిని మధ్యలో కొంచెం తుంచి చూడు. మళ్లీ అతుక్కుంటే లోపల బతికి ఉన్నట్టు. బోరిక్ యాసిడ్ వేడినీళ్లలో కరిగించి, రంగు వేయని ఒట్టి కట్టెకు రెండు మూడు సార్లు పూస్తే లోపలికి ఇంకుతుంది. రంగు మీద పూస్తే దండగ. వాన తగిలే చోట కడుక్కుపోతుంది. చిన్నపిల్లోళ్లకు అందనీయొద్దు, నోట్లోకి పోతే ప్రమాదమే. ఇవన్నీ చేసి, వారానికోసారి దూలాలు తట్టి చూసుకుంటా ఉంటే చానా ఇళ్లకు చిల్లులు అక్కర్లేదు.

వేపదూలం:
అదీ మాట. ఇదే నేను మొదట్నుంచీ చెప్తాండా.

మిద్దెకోడలు:
కమలాపురం దగ్గర మాదీ ఇట్లాంటి మిద్దే. అంతా చదివినాను. వారానికోసారి తట్టి చూడాలన్నారే, ఎవరు చూడాల? నిచ్చెన ఎవరు ఎక్కాల? చౌడుమన్ను ఎవరు ఎత్తాల? ఈ అన్న బెంగళూరులో ఉండాడు. అక్కడ ఉండేది వాళ్లమ్మ ఒక్కతే.

మా ఇంట్లో మా మరుదులు ఇద్దరూ పట్నంలోనే. పాతిల్లు తాత గుర్తు, మందు పోయొద్దు, సున్నం కొట్టించు వదినా, బోరిక్ పూయించు వదినా అని ఫోన్లో చెప్తారు. పూసింది నేను. అటకమీద చెద మట్టి దులిపి దగ్గింది నేను. మా అత్తకు చూపు ఆనదు, ఆమెను పట్టుకోవాల్సిందీ నేనే. పండగకు వచ్చి, దూలం ఇంకా పుచ్చిందే, సరిగ్గా చూసుకోలేదా అని అడిగినారు. మందు తగ్గించండి, వద్దనను. తగ్గించిన మందు స్థానంలో మనిషి చాకిరీ వస్తుంది. ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో చెప్పకుండా వేప అనీ విషం అనీ కొట్లాడుకోవడం నాకు కోపం తెప్పిస్తాంది.

వేపదూలం:
అక్కా, మా ఇంట్లో నేనే ఎక్కుతా. అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

మిద్దెకోడలు:
నువ్వు ఊర్లో ఉండావు కాబట్టి ఎక్కుతావు అబ్బీ. నీ పద్ధతి నీ ఇంటికి సరే. ఊర్లో లేని కొడుకుకు అదే పద్ధతి చెప్తే అది తల్లికి పని పెట్టడమే. పెన్నాగట్టన్నా, అమ్మను అడిగినావా?

పురుగుమందు_సీమ:
ఆ అక్క మాట నిజం. చూసుకునే మనిషి లేనిచోటనే మమ్మల్ని పిలుస్తారు. చిల్లులు వద్దనుకుంటే ఎరపెట్టెలు ఉండాయి. క్లోర్‌ఫ్లుఅజురాన్ కలిపిన ఎరను చెదలు పుట్టకు మోసుకుపోతాయి, కుబుసం విడవలేక చస్తాయి. నేలలో మందు పోయక్కర్లేదు, బావికి భయం లేదు. ఖర్చు ఎక్కువ, నెలలు పడుతుంది, పెట్టెలను మేమే వచ్చి చూడాల.

వేపదూలం:
చూడ్డానికి వస్తామని చెప్పి రానివాళ్లను చానామందిని చూసినా.

పెన్నాగట్టు:
ఈ పొద్దు అమ్మతో మాట్లాడినా. దేవుని గూటి దగ్గర చిల్లులు ఒప్పుకోనంది. నిచ్చెన ఎక్కలేనని కూడా చెప్పింది, ఇన్నాళ్లూ ఎక్కుతాందని నాకు తెలియదు. బావి వైపు ఒక్క చిల్లూ వద్దు. గూటి వైపు ఎరపెట్టెలు పెట్టిస్తా. దోనె, జలదారి పని నేనే సెలవు పెట్టి వచ్చి చేయిస్తా. నెలకోసారి దూలాలు చూసేదానికి ఊర్లో మనిషికి కూలి ఇచ్చి మాట్లాడతా. చిన్నన్నా, వంటింటి ద్వారబంధం మార్చాల.

వేపదూలం:
వేప చేవతోనే చేయించన్నా.

కట్టెపని_చిన్నన్న:
చేవ దొరికితే చేస్తా, దొరక్కపోతే పాత టేకు చూస్తా. ఏ కట్టెయినా నిలువుకాళ్లు నేల మట్టికి తగలకూడదు, కింద రాయి వేసి దానిమీద నిలబెట్టాల. రాయి పక్కన మట్టి పేరకుండా చూసుకోవాల. పాతది పీకినప్పుడు వెనక గోడలో తడి ఎక్కడినుంచి వస్తాందో చూడాల, లేకుంటే కొత్తదీ పోతుంది. కొలతలు, ఫోటో పంపు.

మిద్దెకోడలు:
కూలికి వచ్చే మనిషికి ఏమేం చూడాలో రాసివ్వన్నా. అమ్మను పక్కన నిలబడి చూపించమనొద్దు.