ట్రై-టిప్ మీద కొవ్వు ఎంత ఉంచాలి?

ప్రశ్న (శాన్ హోసే): శనివారం గ్రిల్ మీద వేద్దామని రెండున్నర పౌండ్ల బీఫ్ ట్రై-టిప్ (నడుము వెనక కింది భాగంలోంచి తీసే మూడు మూలల ముక్క) తెచ్చాను. ఒకవైపు తెల్లటి కొవ్వు దట్టంగా ఉంది. మా ఆవిడ మొత్తం తీసేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మొత్తం తీయకండి, పావు అంగుళం ఉంచండి. అంతకన్నా మందమైతే కరిగి బొగ్గుల మీద పడుతుంది, మంట ఎగసి పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. వేలితో నొక్కి చూడండి. గట్టిగా మైనంలా తగిలే కొవ్వు ఆ కాసేపట్లో కరగదు, దాన్ని కోసేయండి. రెండోవైపు వెండిలా మెరిసే పలచటి పొర ఉందా? గ్రిల్ మీద అది మెత్తబడదు. కత్తి మొన ఆ పొర కిందికి దూర్చి, అంచు కాస్త పైకి పెట్టి లాగితే వచ్చేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే చేయండి, చల్లటి కొవ్వు కత్తికి చక్కగా తెగుతుంది.

ప్రశ్న: మాంసం లోపలి తెల్ల చారలో? ప్రైమ్ గ్రేడ్ (అమెరికాలో బీఫ్‌కిచ్చే అన్నిటికన్నా పై గ్రేడ్) కొనాల్సిందా?

జవాబు: ఆ చారల్లోనే ఉందండీ రుచంతా! గ్రేడ్‌లో ప్రధానంగా చూసేది వాటినే, పైకొవ్వుని కాదు. నన్నడిగితే దీనికి ప్రైమ్ కింది గ్రేడైన ఛాయిస్ చాలు.

ఇంకొకరు: థర్మామీటర్ 145 ఫారెన్‌హీట్ చూపించాక దించి, కనీసం మూడు నిమిషాలు ఆగండి. ట్రై-టిప్‌లో పీచు మధ్యలో దిశ మారుతుంది. అక్కడ రెండుగా కోసి, ఒక్కో సగాన్ని పీచుకి అడ్డంగా కోయండి.