రోజుకొక భాగం ప్రచురించడం కొత్త రచయితకు మేలా, కీడా?

తెల్లకాగితం:
ఒక నవల మొదలుపెట్టాను. కథ మొత్తం స్థూలంగా తెలుసు, నాలుగు అధ్యాయాలు రాశాను. రాతను వృత్తిగా తీసుకోవాలని గట్టిగా ఉంది. ఆన్‌లైన్‌లో సీరియల్‌గా రోజుకొక భాగం పెట్టమని, ఆలస్యమైతే పాఠకులు వేరే కథలకు వెళ్లిపోతారని స్నేహితులు అంటున్నారు. పూర్తిచేసి, తిరగరాసి, అప్పుడే బయటపెట్టమని నేను గౌరవించే ఒక పెద్దాయన సలహా. మీరైతే ఏం చేస్తారు? కారణాలతో చెప్పండి.

వాక్యప్రియ:
పెట్టేయండి. నాలుగైదు అధ్యాయాల దగ్గర ఆగిపోయిన నవలలు ఎన్ని సొరుగుల్లో ఉన్నాయో లెక్కలేదు. వాటిని రాసినవాళ్లకు ప్రతిభ ఉంది, ఎదురుచూసే మనిషి మాత్రం లేడు. నవలలో అన్నిటికన్నా కష్టం మధ్యభాగం. మొదటి ఉత్సాహం తగ్గిపోతుంది, ముగింపు ఇంకా కనబడదు. అక్కడ "తర్వాత ఏమైంది?" అని పదిమంది అడుగుతుంటే చెయ్యి ఆగదు. రష్యన్ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ 1866 అక్టోబరులో ఒక చిన్న నవలను స్టెనోగ్రాఫరుకు చెబుతూ 26 రోజుల్లో పూర్తిచేశాడు. గడువు తరమకపోతే అది అంత త్వరగా వచ్చేదా?

మూడోప్రతి:
వాక్యప్రియ గారూ, గడువు మంచిదే. రోజూ రాయడమూ మంచిదే. రాసినదాన్ని ఆ రోజే ప్రచురించడం దగ్గరే నా అభ్యంతరమంతా. మనం ఈ రెండింటినీ ఒకే పనిలా మాట్లాడుకుంటున్నాం.

పదిహేనో అధ్యాయంలో నాయిక తన అన్నను ఎందుకు నమ్మదో మీకు స్పష్టమైందనుకోండి. దానికి విత్తనం రెండో అధ్యాయంలో పడాలి. రెండో అధ్యాయం అప్పటికే జనం చదివేశారు. ఇక మీకు మిగిలేది ఒక్కటే: పదిహేనో అధ్యాయంలో ఎవరిచేతో పాత సంగతి చెప్పించడం. రోజువారీ సీరియళ్లలో గతం చెప్పే సంభాషణలు అన్ని ఉండడానికి కారణం ఇదే. రచయితకు చేతకాక కాదు, వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది.

ఇంకో నష్టం నెమ్మదిగా కనబడుతుంది. ప్రతి భాగం చివర ఉలికిపాటు కావాలి కనుక సన్నివేశం సహజంగా ముగిసే చోట ముగించడం చెయ్యి మరిచిపోతుంది. నిడివి నింపడానికి ఒకే ఆలోచనను పాత్ర మూడుసార్లు అనుకుంటుంది. ఏడాదిపాటు అలా రాస్తే అదే శైలిగా స్థిరపడుతుంది. ఆ తర్వాత మార్చుకోవడం చాలా కష్టం.

ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ సీరియల్‌గానే రాశాడు కదా అని ఎవరైనా అడుగుతారు. ఆయన నవలలు చాలావరకు నెలకొక భాగంగా వచ్చాయి, వారానికొకటిగా కొన్ని. పైగా నెలవారీ నవలల్లో చాలావాటికి ఏ సంచికలో ఏ పాత్ర రావాలో, ఏ సంగతి దాచాలో ముందుగా కాగితం మీద రాసుకునేవాడు. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి.

తిరగరాయడానికి నేను పాటించే పద్ధతి చెబుతాను. మొదటి చదువులో వాక్యాలను ముట్టుకోను. ప్రతి సన్నివేశానికి ఒక్క వాక్యం రాసుకుంటాను: ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది. ఏమీ మారని సన్నివేశాన్ని తీసేస్తాను, లేదా పక్కదానిలో కలుపుతాను. ఇది అయ్యాకే భాష. ప్రతి పుటా గొంతెత్తి చదువుతాను. ఊపిరి అందని వాక్యం, ఇద్దరు పాత్రలు ఒకే గొంతుతో మాట్లాడే చోటు చెవికి వెంటనే పట్టుబడతాయి. కంటికి అవి ఎన్నిసార్లు చూసినా దొరకవు.

వాక్యప్రియ:
విత్తనం మాట ఒప్పుకుంటాను. కానీ మీ దారిలో మొదటి పాఠకుడు దొరికేసరికి రెండేళ్లు గడుస్తాయి. అంతకాలం ఒంటరిగా తట్టుకోగలిగినవాళ్లకే మీ సలహా పనికొస్తుంది.

లెక్కలపద్దు:
దోస్తోయెవ్‌స్కీ సంగతి వచ్చింది కనుక మిగతా సగం కూడా చెప్పాలి. అప్పుల ఒత్తిడిలో 1865లో ఆయన 3000 రూబుళ్లకు ఒక ఒప్పందం మీద సంతకం చేశాడు. 1866 నవంబరు 1 లోపు కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్లపాటు ఆయన ఏం రాసినా డబ్బు ఇవ్వకుండా అచ్చువేసుకునే హక్కు ప్రచురణకర్తదే. ఆ 26 రోజులను గడువు మహిమగా చూడకండి. చెడ్డ ఒప్పందం నుంచి ఒక మనిషి కొద్దిలో తప్పించుకున్న సంగతి అది.

తెల్లకాగితం గారూ, ఎక్కడ పెట్టినా ముందు షరతులు పూర్తిగా చదవండి. రచన మీద హక్కు రాసిన క్షణం నుంచీ మీదే. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒడంబడికలో ఉన్న దేశాల్లో దీనికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీరు ఇచ్చేది ప్రచురణ అనుమతి మాత్రమే అయి ఉండాలి. అది ఎంతకాలం? ఇంకెక్కడా పెట్టకూడదా? ఆడియో, అనువాదం, సినిమా హక్కులు కూడా అందులో కలిపేశారా? రాయల్టీ, అంటే అమ్మకంలో రచయితకు వచ్చే వాటా, పుస్తకం ధర మీదా, ఖర్చులు పోగా మిగిలినదాని మీదా? ఈ చివరి ప్రశ్నకు జవాబును బట్టి చేతికొచ్చే మొత్తం ఎంతో తగ్గిపోవచ్చు. కొందరు ప్రచురణకర్తలు ఇదివరకు బయటకు రాని రచననే తీసుకుంటారు. నవలను అచ్చులో చూడాలని ఉంటే, మొదటి భాగం పెట్టకముందే ఇది తేల్చుకోండి.

ఒక్క నవల మీద జీవనం లెక్క వేసుకోకండి. జీతం వచ్చే పని ఉంటే ఉంచుకోండి. ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ తెల్లవారుజామున రాసేవాడు, 1867లో గానీ దాన్ని వదల్లేదు. అద్దె కోసం రాయనక్కర్లేనప్పుడు చెడ్డ షరతుకు కుదరదని చెప్పే ధైర్యం ఉంటుంది.

తెల్లకాగితం:
అందరికీ కృతజ్ఞతలు. మొదటి సగం పూర్తిచేసి, ఒకసారి తిరగరాసి, తర్వాత వారానికి ఒక్క భాగం పెడదామనుకుంటున్నాను. ఈలోగా ఇద్దరు నమ్మకమైన పాఠకులకు చూపిస్తాను.

మూడోప్రతి:
ఆ ఇద్దరినీ "బాగుందా?" అని అడగకండి. ఎక్కడ చదవడం ఆపారో, ఎవరి మాట నమ్మలేదో అడగండి. పరిష్కారాలు వాళ్లు సూచించినా తీసుకోనక్కర్లేదు, ఇబ్బంది పడిన చోటు చాలు.

వాక్యప్రియ:
వారానికి ఒకటైనా సరే, మొదటి భాగం పెట్టే తేదీ మాత్రం ఈ రోజే నిర్ణయించుకోండి. సగం పూర్తయ్యాక చూద్దాం అనుకుంటే ఆ సగం ఎప్పటికీ పూర్తికాదు. ఈ విషయంలో మూడోప్రతి గారితో నాకు ఇంకా పేచీ ఉంది.