విజయవాడ నుంచి డాలస్‌కి కెమెరా, లెన్సులు: ప్యాకింగ్ సలహా కావాలి

పటమట, ఇప్పుడు ఇర్వింగ్:
అందరికీ నమస్కారమండీ. ఉద్యోగం మీద డాలస్ పక్కన ఇర్వింగ్‌కి కొత్తగా వచ్చాను. బరువు సరిపోక కెమెరా ఇంటి దగ్గరే ఉండిపోయింది. సోనీ ఎ7 మార్క్ త్రీ బాడీ, 24-70, 70-200 జూమ్ లెన్సులు (రెండూ ఎఫ్ 2.8 జీమాస్టర్ మొదటి రకం), ఒక ఫ్లాష్, మూడు బ్యాటరీలు, ఛార్జరు. నాన్నగారు కొరియర్‌లో వేస్తానంటున్నారు. బెంజ్ సర్కిల్ వైపు పచ్చళ్లు పంపే కొరియర్ వాళ్లు తామే ప్యాక్ చేస్తామన్నారట. అమ్మ ఆవకాయ కూడా అదే పెట్టెలో పెడతానంటోంది. నాన్నగారికి కెమెరాల సంగతి తెలియదు. ఫోన్‌లో ఏమేం చెప్పమంటారు?

బ్రాడీపేట, ఇప్పుడు ఎడిసన్:
తమ్ముడూ, ముందు ఆవకాయ సంగతి. వద్దంటే వద్దు. నూనె కారడం ఒక ఎత్తు. తినే వస్తువు ఉన్న పెట్టెని తనిఖీలో తెరిచే అవకాశం ఎక్కువ, తెరిచినవాళ్లు నాన్నగారు సర్దినట్టు మళ్లీ సర్దరు. పచ్చళ్లు వేరే పార్సిల్‌లో రానీ.

ప్యాకింగ్ ఇంట్లోనే, మీరు వీడియో కాల్‌లో చూస్తుండగా జరగాలి. కొరియర్ షాపులో చేసేది డబ్బాలకి పనికొచ్చే ప్యాకింగ్. చుట్టూ బ్రౌన్ టేపు బిగించేస్తారు, లోపల కుదుపు తట్టుకునేది ఏమీ ఉండదు.

బాడీ నుంచి లెన్సు విప్పాలి. తగిలించి పంపితే పెట్టె పడ్డప్పుడు లెన్సు బరువంతా, బాడీకి లెన్సు తగిలించే మౌంటు రింగు మీద మీటలా పనిచేస్తుంది. 70-200 బరువు కిలోన్నర దగ్గర, బాడీ 650 గ్రాములు. మౌంటు వెంట్రుకవాసి వంగినా ఫొటోలో ఒక పక్క మసక వస్తుంది, దాన్ని సరిచేయించడం చాలా ఖరీదు. బాడీకి బాడీ క్యాప్, లెన్సులకి ముందూ వెనకా క్యాపులు. 24-70ని 24 దగ్గరికి తెచ్చి పక్కనున్న లాక్ మీట వేయాలి. 70-200 జూమ్ బయటికి రాదు కాబట్టి దానికి ఆ బాధ లేదు, కానీ కింద ట్రైపాడ్ కాలు పొడుచుకొచ్చి ఉంటుంది, అది తీసి విడిగా చుట్టాలి. లెన్సు ముందు వెలుగు అడ్డానికి తగిలించే హుడ్లు తిరగేసి బిగించకండి, తీసి పక్కన పెట్టండి. హుడ్ అంచుకి తగిలిన దెబ్బ నేరుగా లెన్సు ముందు రింగుకి పోతుంది. ఫ్లాష్‌లో పెన్సిల్ సెల్స్ ఉంటే తీసేయాలి, కారితే లోపలి పలకలు తినేస్తాయి. మెమరీ కార్డు కూడా తీసి పెట్టుకోమనండి.

తర్వాత ఒక్కో వస్తువునీ జిప్ కవర్లో పెట్టి, దాంతో పాటు 10 గ్రాముల సిలికా జెల్ పొట్లాలు రెండు. విజయవాడ తేమకి ఇది తప్పనిసరి. లెన్సులకి 40 నుంచి 50 శాతం తేమ మంచిది. 60 దాటిన చీకట్లో రోజుల తరబడి ఉంటే ఫంగస్ పడుతుంది, అది గాజు మీది పూతని తినేస్తుంది, తుడిస్తే పోదు. ఏసీ గదిలో ఒక గంట ఉంచి, అక్కడే కవర్లో పెట్టి మూయమనండి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగి ఉంటే ఆ పొట్లాలు పని చేయవు. తోలు సంచులు అసలు వాడొద్దు, తేమని పట్టి ఉంచుతాయి.

కవరు మీద మెత్తటి ఫోమ్ షీటు ఒక చుట్టు, దాని మీద బబుల్ షీటు రెండు మూడు చుట్లు. టేపు బబుల్ షీటుకే అంటాలి, వస్తువుకి కాదు. ఇవన్నీ ఒక లోపలి అట్టపెట్టెలో, బరువైన 70-200 మధ్యలో పడుకోబెట్టి, వస్తువుకీ వస్తువుకీ నడుమ అట్ట అడ్డుపెట్టి సర్దాలి. ఆ పెట్టె మరో ఫైవ్ ప్లై (ఐదు పొరల అట్ట) పెట్టెలో. రెండింటి మధ్య ఆరు వైపులా కనీసం 5 సెంటీమీటర్లు ఫోమ్ ఉండాలి. రెండు పెట్టెల పద్ధతిలో ఆయువుపట్టు ఈ ఖాళీయే. పాత పెట్టె వాడకండి, మూలలు ఒకసారి మెత్తబడితే ఆ అట్టలో బలం ఉండదు. మూసే ముందు పెట్టె ఊపి చూడండి, లోపల ఏదీ కదలకూడదు. ఒక్క మాట, మీ బాడీ ఆఫ్ చేసి ఉన్నప్పుడు సెన్సరు స్థిరంగా ఉండదు, ఊపితే చిన్న చప్పుడు వస్తుంది. అది చెడిపోయిందని నాన్నగారు కంగారుపడనక్కర్లేదు.

గవర్నర్‌పేట, ఇప్పుడు టొరంటో:
బ్రాడీపేట గారు చెప్పినదానికి రెండు చేర్పులు. థర్మోకోల్ ముక్కలు విరిచి నింపొద్దు. రాలిన తెల్ల పూసలు కరెంటు పట్టి అంటుకుంటాయి, మౌంటులోకి పోతే సెన్సరు దాకా చేరతాయి. న్యూస్‌పేపరు ఉండలు కూడా వద్దు, బరువు కింద నలిగిపోయి దారిలోనే ఖాళీ ఏర్పడుతుంది. రెండోది, లెన్సుల మీద యూవీ ఫిల్టర్లు ఉంటే అలాగే ఉంచండి, అద్దానికి కాపలా.

బ్రాడీపేట, ఇప్పుడు ఎడిసన్:
ఫిల్టరు విషయంలో ఒప్పుకోనండీ. వీధిలో ఫొటోలు తీసేటప్పుడు కాపలా నిజమే. పార్సిల్‌లో మాత్రం పల్చటి గాజు పగిలి, ఆ పెంకులు ప్రయాణమంతా ముందు అద్దం మీద రాసుకుంటూ ఉంటాయి. పైగా రింగు నొక్కుకుపోతే మరలు పట్టేసి రాదు. తీసి ఫిల్టరు డబ్బాలో పెట్టడమే. క్యాప్ ఉంది కదా. థర్మోకోల్ మీద మీ మాట సరే, కానీ కెమెరాతో వచ్చిన అసలు పెట్టె, అందులో అచ్చుపోసిన అరలు అటక మీద ఉంటే అంతకన్నా మంచి లోపలి పెట్టె దొరకదు.

గవర్నర్‌పేట, ఇప్పుడు టొరంటో:
అసలు పెట్టె మీద కంపెనీ పేరూ బొమ్మా ఉంటాయి, అందుకే అది లోపలే ఉండాలి. బయటి పెట్టె మీద ‘కెమెరా’ అని ఎక్కడా రాయొద్దు. ‘జాగ్రత్త, గాజు’ అని రాసి దాని మీద ఆధారపడనూ వద్దు. పెట్టె బెల్టుల మీద దొర్లుతుంది, అక్కడ చదివేవాళ్లుండరు. తొమ్మిదిన్నర కిలోల లోపు పెట్టెలకి ఐస్టా అనే ప్యాకింగ్ ప్రమాణాల సంస్థ పరీక్షలో 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మూల మీద, అంచుల మీద, ముఖాల మీద మొత్తం పదిసార్లు పడేస్తారు. ఆ దెబ్బలకి తట్టుకుంటుందా అని ఆలోచించి సర్దండి.

వన్ టౌన్, ఇప్పుడు ఫ్రిస్కో:
మీరంతా అట్టలూ టేపులూ అంటున్నారు, అసలు గండం బ్యాటరీ. తమ్ముడూ, మూడింటిలో ఒక్కటి కూడా పెట్టెలో వేయొద్దు. విడి లిథియం బ్యాటరీలు ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. సరుకు విమానంలో అయినా ఛార్జింగ్ 30 శాతం దాటకూడదు. కెమెరాలో బిగించి పంపడానికి వేరే నిబంధన ఉంది గానీ, చిన్న కొరియర్ షాపులు దాని కాగితాల జోలికి పోవు. ‘ఏం కాదు, లోపలే ఉండనీయండి’ అనేస్తాయి.

అలా అన్నదాని ఫలితం గుంటూరులో ఒక కుటుంబం అనుభవించింది. కొరియర్ వాళ్లు బ్యాటరీ కెమెరాలోనే ఉంచమన్నారు, కస్టమ్స్ తక్కువ పడుతుందని ఇన్వాయిస్ మీద ‘బట్టలు, స్వీట్లు’ అని రాశారు. పెట్టె వేరే నగరం వెళ్లాక ఎక్స్‌రేలో బ్యాటరీ కనబడింది. తెరిచి చూశారు. ఫోమ్ తీసినవాళ్లు తిరిగి పెట్టలేదు, లెన్సులు ఒకదాని మీద ఒకటి వేసి ఒకే వరస టేపు వేశారు. చాలా రోజులు గోడౌన్‌లో ఉండి గుంటూరుకే తిరిగొచ్చింది. జూమ్ రింగు పట్టేసింది, వెనక క్యాప్ లేదు. నష్టపరిహారం అడిగితే ‘మీ కాగితం ప్రకారం ఇందులో ఉన్నవి బట్టలు’ అన్నారు. సంతకం పెట్టింది పంపినవాళ్లే కాబట్టి నోరెత్తడానికి వీల్లేకపోయింది.

ఇన్వాయిస్ మీద నిజమే రాయాలి: వాడిన కెమెరా, మోడల్, సీరియల్ నంబరు, ఇప్పటి విలువ. అమెరికాకి వచ్చే పార్సిల్ 800 డాలర్ల లోపు అయితే పన్ను లేదన్న పాత లెక్క 2025 ఆగస్టు 29తో పోయింది, కాబట్టి తగ్గించి రాసి లాభం కూడా లేదు. మీ వెనకాల విడిగా వచ్చే సొంత సామానుకి అమెరికా కస్టమ్స్ వాళ్ల 3299 అనే ఫారం ఉంది. పెట్టె బయల్దేరకముందే కొరియర్ బ్రోకర్‌తో మాట్లాడి అది నింపండి.

లక్ష్మీపురం, ఇప్పుడు లండన్:
ఇంత తతంగం ఎందుకండీ? హైదరాబాద్ నుంచి డాలస్ వచ్చేవాళ్లు వారానికి ఎంతమంది లేరు? మొత్తం బరువు మూడు మూడున్నర కిలోలు. చాలా విమానాల్లో చేతి సంచికి 7 కిలోలు ఇస్తారు. బ్యాటరీలూ అందులోనే రావచ్చు, ఆ బ్యాటరీ 16.4 వాట్ అవర్స్, 100 లోపు వాటికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. బ్యాటరీల కరెంటు కొనల మీద టేపు వేసి చేతి సంచిలో పెట్టాలి, చెక్-ఇన్ పెట్టెలో మాత్రం కాదు.

వన్ టౌన్, ఇప్పుడు ఫ్రిస్కో:
తెలియనివాళ్ల చేత మోయించడం సరికాదు. ‘సామాను మీరే సర్దుకున్నారా, ఎవరైనా ఇచ్చారా’ అని కౌంటర్లో అడుగుతారు. ఇక్కడ దిగాక ఇతరుల వస్తువు అని చెప్పాల్సిందే, అది వాళ్ల సొంత మినహాయింపులోకి రాదు. పరాయివాళ్లని అబద్ధం చెప్పే పరిస్థితిలోకి నెట్టకూడదు.

లక్ష్మీపురం, ఇప్పుడు లండన్:
పరాయివాళ్లని అనలేదు, అమ్మానాన్నలు వచ్చేటప్పుడు అన్నాను. లేదా మీరే మొదటి సెలవుకి వెళ్లి తెచ్చుకోవచ్చు. అలా తెచ్చుకుంటే శంషాబాద్‌లో చెక్-ఇన్‌కి ముందే కస్టమ్స్ దగ్గర వస్తువు చూపించి, సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తర్వాత ఇండియాకి తీసుకెళ్లినప్పుడు కొత్తగా కొన్నారని పన్ను అడగరు. పెళ్లిళ్లకి ఫొటోలు తీయడానికి కెమెరా మోసుకెళ్లే మనవాళ్లకి ఈ కాగితం చాలా అవసరం.

పటమట, ఇప్పుడు ఇర్వింగ్:
చాలా థ్యాంక్సండీ. అమ్మానాన్న ఇప్పట్లో రాలేరు, కొరియరే దిక్కు. బ్యాటరీలు ఇక్కడే కొంటాను. పెట్టె సైజు, ఇన్సూరెన్స్ గురించి ఎవరైనా చెబుతారా?

బ్రాడీపేట, ఇప్పుడు ఎడిసన్:
కొరియర్ వాళ్లు అసలు బరువు, సైజు బరువు రెండూ చూసి ఎక్కువదానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించాలి. లోపలి పెట్టె 40, 30, 20 అనుకోండి. చుట్టూ ఐదేసి కలిపితే బయటిది 50, 40, 30. అంటే 12 కిలోలకి కట్టాలి, లోపల సామాను నాలుగైదు కిలోలే అయినా. లోపలిది 35, 25, 18కి కుదిస్తే బయటిది 45, 35, 28, సుమారు 8.8 కిలోలు. కాబట్టి ముందు చుట్టిన వస్తువులు నేల మీద పేర్చి కొలిచి, తర్వాతే పెట్టె కొనమనండి. డబ్బు మిగుల్చుకోడానికి ఆ 5 సెంటీమీటర్లు మాత్రం తగ్గించొద్దు.

ఇన్సూరెన్స్ విడిగా కట్టకపోతే విమాన సరుకుకి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం వచ్చేది కిలోకి 26 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల యూనిట్లు) పరిమితిలోనే, అదీ 2024 డిసెంబర్ చివర్లో పెంచాక. ఐదు కిలోల పార్సిల్‌కి 130 ఎస్‌డీఆర్‌లు, రెండు వందల డాలర్లు కూడా కావు. మీ రెండు లెన్సుల్లో ఒక్కదాని రిపేరుకి సరిపోదు. పూర్తి విలువకి కట్టండి. కట్టేముందు ‘వాడిన ఎలక్ట్రానిక్స్‌కి వర్తిస్తుందా, ఇంట్లో చేసిన ప్యాకింగ్‌కి వర్తిస్తుందా’ అని రాతపూర్వకంగా అడగండి. ప్యాకింగ్ దశల ఫొటోలు, సీరియల్ నంబర్ల ఫొటోలు నాన్నగారి ఫోన్‌లో ఉండాలి. ఆధార్ కాపీ అడుగుతారు, అదీ సిద్ధంగా ఉంచమనండి.

గవర్నర్‌పేట, ఇప్పుడు టొరంటో:
అందుకున్నాక చేసేది ఎవరూ చెప్పలేదు. సంతకం లేకుండా ఇవ్వొద్దన్న ఏర్పాటుతో పంపించండి, అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్లు పార్సిళ్లు తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి. చలికాలంలో వస్తే ఇంట్లోకి తెచ్చి, విప్పకుండా ఐదారు గంటలు వదిలేయండి. చల్లటి లెన్సుని వెచ్చటి గదిలో జిప్ కవర్లోంచి తీస్తే అద్దం లోపల కూడా చెమ్మ పడుతుంది. తర్వాత వీడియో తీస్తూ తెరవండి. పెట్టె మూల నొక్కుకుని ఉంటే తెరవకముందే ఫొటో తీయండి. లెన్సు తగిలించి, అక్షరాలున్న గోడ పోస్టరుని ఎదురుగా నిలబడి ఎఫ్ 2.8లో తీసి నాలుగు మూలలూ పోల్చండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే మౌంటుకో లోపలి అద్దానికో దెబ్బ తగిలినట్టు. క్లెయిముకి గడువు తక్కువ ఉంటుంది, ఆ రోజే పెట్టండి. పెట్టె, ఫోమ్ పారేయొద్దు, చూడ్డానికి మనిషిని పంపుతారు.